బి.పి. మాత్ర, పరుగు పతకం

మీ ఇంట్లో బి.పి. మాత్ర వేసుకునేవారు ఉన్నారా? ఉండే ఉంటారు. లేకపోతే ఎదురింట్లో ఉంటారు. ఒక్కసారి లేచి ఆ మాత్రల అట్ట తెచ్చి, వెనక సన్న అక్షరాల్లో ఏం రాసి ఉందో చదవండి. కళ్ళజోడు కూడా తెచ్చుకోండి, అవసరం పడుతుంది. ఇరవై ఏడేళ్ళుగా మందులు రాస్తున్న నేను ఆ సన్న అక్షరాల దగ్గరే ఒక పెద్దమనిషి విషయంలో పొరపడ్డాను. ఆయన అనుమతి తీసుకునే ఇది రాస్తున్నాను. పేరు మాత్రం వద్దన్నారు.

మా క్లినిక్ మియాపూర్‌లో, ఆల్విన్ చౌరస్తాకు కాస్త లోపలికి. ఆయన ఆర్.టి.సి.లో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. సిద్దిపేట వైపు మనిషి. చదువుకునే రోజుల్లో 800 మీటర్లు, 1500 మీటర్లు పరుగెత్తి, జిల్లా స్థాయిలో కప్పులు తెచ్చుకున్నారట. తర్వాత ఉద్యోగం, రాత్రి డ్యూటీలు, పిల్లలు. పరుగు అటకెక్కింది. యాభై ఎనిమిదో ఏట తలనొప్పి అంటూ నా దగ్గరికి వచ్చారు. రక్తపోటు 170/104. మాత్ర రాశాను. అందులో రెండు మందులు కలిసి ఉన్నాయి. ఒకటి టెల్మిసార్టాన్. రెండోది హైడ్రోక్లోరోథయజైడ్, అంటే మూత్రం ఎక్కువగా పోయేలా చేసి ఒంట్లో ఉప్పునూ నీటినీ తగ్గించే మందు. మంచి మాత్రే. చవక కూడా. మన దేశంలో లక్షలమంది వేసుకుంటున్నారు. రక్తపోటు దారికి వచ్చింది.

రిటైరయ్యాక ఆయనకు మళ్ళీ బూట్లు గుర్తుకొచ్చాయి. పొద్దున్నే కాలనీ పార్కులో, వారానికి రెండుసార్లు గచ్చిబౌలి స్టేడియంలో. మొదటి ఏడాది అరవై దాటినవాళ్ళ పోటీలో 1500 మీటర్లు 6 నిమిషాల 10 సెకన్లకు పరుగెత్తారు. చివరి నుంచి రెండోవారు. "ఊపిరి అందుతలేదు సార్, ముసలోన్నైపోయిన" అంటూ వచ్చారు. వయసు మీద నెట్టేయడం మా డాక్టర్లకు చాలా సులువు. ఎందుకో కనురెప్ప కిందికి లాగి చూశాను. లోపల తెల్లగా పాలిపోయి ఉంది. హిమోగ్లోబిన్ 9.8. మగవారికి 13 దాటి ఉండాలి. గుచ్చి గుచ్చి అడిగితే, మొలల వల్ల రెండేళ్ళుగా రక్తం పోతోందని చెప్పారు. సిగ్గుపడి ఇంట్లో కూడా చెప్పలేదట! ముందు పెద్దపేగు పరీక్ష చేయించి వేరే జబ్బేదీ లేదని తేల్చుకున్నాం. తర్వాత మొలలకు చికిత్స, నాలుగు నెలలు ఇనుము మాత్రలు. హిమోగ్లోబిన్ 14కు చేరింది.

మరుసటి ఏడాది అదే పోటీలో, అదే 1500 మీటర్లు, 5 నిమిషాల 40 సెకన్లు. మొదటి స్థానం.

ఇక చూడండి. అరవై దాటిన మనిషి ఒక్క ఏడాదిలో ముప్ఫై సెకన్లు తగ్గించాడంటే లోకం ఊరుకుంటుందా? "ఏదో సూది వేయించుకుంటున్నాడు" అన్నారు. ఎదురుగా ఎవరూ అనలేదు. టీ బండి దగ్గర నవ్వుకున్నారు. ఈయన వెళ్ళేసరికి మాట మార్చారు. "నాకు తెలుసు అసలు సంగతి" అని అక్కడికెళ్ళి అరవాలనిపించింది నాకు. రోగి రహస్యం కదా, నోరు కట్టుకున్నాను.

ఈ అనుమానంలో ఒక చిత్రం ఉంది. ఎముకల మూలుగలో ఎర్రకణాలు తయారుచేయమని మన మూత్రపిండాలు ఒక హార్మోను పంపుతాయి. దాని పేరు ఎరిత్రోపోయిటిన్. ఎర్రకణాలు పెరిగితే కండరాలకు ప్రాణవాయువు ఎక్కువగా అందుతుంది, పరుగు నిలుస్తుంది. ఈ హార్మోనునే ఇంజక్షనుగా చేశారు. మూత్రపిండాలు చెడిపోయినవారికి అది ప్రాణదాత. ఆరోగ్యంగా ఉన్న ఆటగాడు వేసుకుంటే మోసం, ప్రమాదం కూడా. రక్తం చిక్కబడి గడ్డకట్టవచ్చు. మా పెద్దాయనకు జరిగింది చూస్తే ఫలితం ఆ తోవలోదే, ఎర్రకణాలు పెరిగాయి. కాని అది పోగొట్టుకున్నది తిరిగి రావడం మాత్రమే. ఇనుము మాత్రలపై ఏ నిషేధమూ లేదు.

బెర్నార్డ్ లగాట్ పేరు విన్నారా? కెన్యాలో పుట్టి అమెరికా పౌరుడైన పరుగువీరుడు. 2001లో 1500 మీటర్లను 3 నిమిషాల 26.34 సెకన్లలో ముగించాడు. 2003లో ఆయన మూత్రంలో ఈ ఎరిత్రోపోయిటిన్ కనిపించిందన్నారు. ఆ ఏడు పారిస్ ప్రపంచ పోటీలు ఆయన చేజారాయి. మూత్రాన్ని రెండు సీసాల్లో పోసి సీలు వేస్తారు. మొదటిదానిలో దోషం కనిపిస్తే రెండోది తెరుస్తారు. లగాట్ రెండో సీసా మొదటిదాన్ని బలపరచలేదు. నిర్దోషి అన్నారు. మరుసటి ఏడాది ఏథెన్స్ ఒలింపిక్స్‌లో సెకనులో ఎనిమిదో వంతు తేడాతో రజతం. 2007లో ఒసాకాలో 1500, 5000 రెండింటా ప్రపంచ విజేత. 2016లో నలభై ఒక్క ఏళ్ళ వయసులో రియో ఒలింపిక్స్ 5000 మీటర్లలో అయిదో స్థానం! ఇన్నేళ్ళు పరుగెత్తినా, ఆయన గురించి మాట్లాడేటప్పుడు 2003 మాట ఎత్తేవాళ్ళు ఎప్పుడూ ఉంటూనే వచ్చారు.

అంత దూరం ఎందుకు? మన సునీతా రాణి ఉంది. పంజాబ్ అమ్మాయి. 2002 బుసాన్ ఆసియా క్రీడల్లో 1500 మీటర్లు 4 నిమిషాల 6.03 సెకన్లలో పరుగెత్తి స్వర్ణం తెచ్చింది, 5000 మీటర్లలో కాంస్యం. నాండ్రోలోన్ అనే స్టెరాయిడ్ దొరికిందని రెండు పతకాలూ లాక్కున్నారు. ఆ డిసెంబరులోనే మన హైదరాబాద్‌లో జాతీయ క్రీడలు జరిగాయి. గచ్చిబౌలిలో జనం కేకలు వేస్తున్న ఆ రోజుల్లో దేశంలోకెల్లా మేటి మధ్యదూర పరుగుకారిణి పేరు మీద మచ్చ ఉంది. తర్వాత లేబరేటరీ పరీక్షల్లోనే తేడాలున్నాయని తేలి, 2003 మొదట్లో పతకాలు తిరిగి ఇచ్చారు. పతకం తీసుకున్న వార్త మొదటి పేజీలో చదివినవాళ్ళలో ఎంతమంది తిరిగి ఇచ్చిన వార్త చదివి ఉంటారంటారు?

ఇంగ్లండు 800 మీటర్ల పరుగుకారిణి డయాన్ మోడాల్ కథ మరీ ఘోరం. 1994 జూన్‌లో లిస్బన్‌లో ఇచ్చిన మూత్రాన్ని చల్లగా ఉంచకుండా ఎండవేడిమికి వదిలేశారు. మన ఇళ్ళలో వేసవిలో పాలు బయట పెడితే ఏమవుతుంది? ఆ సీసాలోనూ సూక్ష్మజీవులు పెరిగాయి. వాటివల్ల టెస్టోస్టెరాన్ నిష్పత్తి, 6 దాటకూడని చోట, 42 చూపించింది. 42 అంటే నమ్మశక్యం కాని అంకె, అయినా నమ్మారు! నాలుగేళ్ళ నిషేధం వేశారు. 1995లో అప్పీలులో నిర్దోషిగా బయటపడి, 1998 కామన్వెల్త్ క్రీడల్లో కాంస్యం తెచ్చుకుంది.

అలాగని పట్టుబడ్డవాళ్ళంతా అమాయకులనుకోకండి. మందు వేసుకుని గెలిచినవాళ్ళు లెక్కలేనంతమంది. ఆ దొంగలవల్లే దొర కూడా అనుమానం పాలవుతున్నాడు.

ఇప్పుడు నా పొరపాటుకు వస్తాను. పార్కులో ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాడు, మంచివాడే, "అంకుల్, మీరు ఏమేం మందులు వాడుతున్నారు?" అని అడిగి, అట్ట మీది పేర్లు ఫోనులో వెతికాడు. హైడ్రోక్లోరోథయజైడ్ నిషిద్ధం! పోటీ రోజే కాదు, ఏడాది పొడుగునా. కారణం చెప్పనా? దానివల్ల పరుగు పెరగదు. ఒంట్లో నీరు తగ్గితే మధ్యదూరం పరుగెత్తేవాడికి నష్టమే. కాని మూత్రం ఎక్కువగా పోయి పలచబడితే అందులోని ఇతర దొంగమందులు దొరక్కుండా దాగిపోతాయి. అందుకని మూత్రం పోయించే మందులన్నీ నిషేధించారు. వింత చూడండి. ఆయన పరుగును పెంచిన ఇనుము మాత్ర నిర్దోషి. ఏమీ పెంచని బి.పి. మాత్ర దోషి!

ఆయన నన్ను అడగలేదు. మాత్ర మానేశారు. నలభై రోజులు. ఒక తెల్లవారుజామున చేతిలోని చెంబు జారిపోయింది. ఎడమ చెయ్యి పావుగంటసేపు మొద్దుబారింది, మూతి కాస్త వంకర పోయింది. నా దగ్గరికి తెచ్చేసరికి అన్నీ సర్దుకున్నాయి. రక్తపోటు మాత్రం 196/112.

"గోలీ బంద్ చేసిన సార్. దొంగ అన్పించుకునుడు నా వల్ల గాదు" అన్నారు.

ఆయన భార్య గడప దగ్గరే నిలబడి, "పతకం లేకుంటే బతకలేమా సారూ, మనిషి ఉండొద్దా?" అంది. నాకు జవాబు తోచలేదు. వెంటనే పెద్దాసుపత్రికి పంపించాను. స్కానులో శాశ్వత నష్టం ఏమీ కనిపించలేదు, అదృష్టం. పావుగంటలో తగ్గిపోయింది కదా అని ఇలాంటిదాన్ని తేలిగ్గా తీసుకోకండి. అది పక్షవాతం తలుపు తట్టి వెళ్ళడమే. మళ్ళీ వచ్చేది చాలాసార్లు కొద్ది రోజుల్లోనే.

తప్పు ఆయనదా, నాదా? ఇన్నేళ్ళలో ఆయన పొద్దున్నే ఏం చేస్తారో తెలుసుకున్నాను గాని, పోటీలకు వెళ్ళేవారికి ఏ మందు కూడదో చూడాలని తోచలేదు. ఆయనకు టెల్మిసార్టాన్ ఒక్కటే ఇచ్చి, ఆమ్లోడిపిన్ జతచేయవచ్చు. రెండింటిపైనా నిషేధం లేదు. రెండు నిమిషాల పని. తప్పనిసరిగా నిషిద్ధ మందే కావలసి వస్తే, డాక్టరు కాగితాలతో చికిత్స కోసం మినహాయింపు అడిగే పద్ధతి కూడా ఉంది. ఇవన్నీ చెప్పవలసినవాణ్ణి నేనే.

మీ ఇంట్లో పోటీలకు వెళ్ళే పిల్లలుగాని పెద్దలుగాని ఉంటే, బి.పి. మాత్ర పేరు చివర 'హెచ్' అనే అక్షరం ఉందేమో చూడండి. చాలావాటిలో అది ఈ మందుకే గుర్తు. దగ్గు మందుల్లో టెర్బుటలిన్ ఉందేమో చూడండి. మన దేశంలో అమ్మే దగ్గు సిరప్పులు చాలావాటిలో ఉంటుంది, అదీ నిషిద్ధమే. నీరసంగా ఉందంటే వేసే 'బలం సూదు'ల్లో సునీతా రాణిని ఏడిపించిన నాండ్రోలోనే ఉండవచ్చు. దాని జాడ నెలల తరబడి మూత్రంలో ఉంటుంది. ఏం కలిపారో తెలియని జిమ్ పొడులు, మూలికల పొడుల సంగతి చెప్పనక్కరలేదు. జాతీయ సంస్థ 'నాడా' వారి 'నో యువర్ మెడిసిన్' అనే ఫోను యాప్‌లో మందు పేరు కొట్టి చూసుకోవచ్చు. చూసి, మాత్ర మానేయకండి. డాక్టరు దగ్గరికి రండి. మార్చడం మా పని.

పెద్దాయన కోలుకున్నాక పతకమూ, పాత మాత్రల అట్టా పట్టుకుని పోటీలు పెట్టినవారి దగ్గరికి వెళ్ళారు. వాళ్ళు నవ్వి, "పరీక్షే చెయ్యలేదు, తీసుకుపోండి" అన్నారట. ఆయన తిన్నగా మా క్లినిక్‌కి వచ్చి దాన్ని నా బల్ల మీద పెట్టారు. "గోలీ మీరే ఇచ్చిండ్రు, ఇది గూడ మీరే ఉంచుకోండ్రి." కోపంగా అన్నారో, హాస్యానికన్నారో ఇప్పటికీ తెలియదు. సొరుగులో ఉంది, స్టెతస్కోపు తీసినప్పుడల్లా చేతికి తగులుతుంది.

ఆసుపత్రివాళ్ళు సరేనన్నాకే, ఆరు నెలలకు, మళ్ళీ పరుగు మొదలుపెట్టారు. పోయిన నెల రక్తపోటు 132/84. 1500 మీటర్లు 5 నిమిషాల 46 సెకన్లు.

"ఆరు సెకన్లు ఎక్కువైంది సార్. పాత గోలీ లేనందుకా?" అని అడిగారు, కళ్ళలోకి సూటిగా చూస్తూ.

"కాదండీ, మీ చిన్నమ్మాయి పెళ్ళి లడ్డూలు" అన్నాను. త్రాసు ఎక్కించి చూపించాను. మూడు కిలోలు పెరిగారు.