పెగడపల్లిలో పచ్చని గోడ

ఇంటికి ప్రహరీ గోడ లేకపోతే ఇల్లు ఇల్లులా ఉండదనుకునేవాళ్లలో నేనూ ఒకదాన్ని. ఆషాఢంలో మా చెల్లె అత్తవారి ఊరు పెగడపల్లి వెళ్లొచ్చాక ఆ మాట మానుకున్నాను. ఎందుకంటారా? వినండి మరి.

జగిత్యాలలో బస్సు మారి పెగడపల్లి దారి పట్టామంటే రెండు పక్కలా వరి మళ్లు, మొక్కజొన్న చేలు, నడుమ నడుమ మామిడి తోటలు. ఒకప్పుడిది కరీంనగర్ జిల్లా. 2016 దసరా నాడు జగిత్యాల జిల్లా ఏర్పడ్డాక ఇటు వచ్చింది. ఈ చుట్టుపక్కల ఊళ్లలో గల్ఫ్‌కు పోయినవాళ్లు లేని వాడ కనిపించదు. మా మరిదీ అలా పోయినవాడే. పన్నెండేళ్లు దుబాయ్‌లో తోటపని చేశాడు. పార్కుల్లో, బంగళాల ముందు మొక్కల కంచెలను గీత గీసినట్టు కత్తిరించడమే ఆయన ఉద్యోగం.

తిరిగొచ్చి ఇల్లు కట్టేసరికి చేతిలో కొద్ది డబ్బే మిగిలింది. దాంతో గోడ కడదామని మరిది, మొక్కలు పెట్టుకుని ఆ డబ్బు పాప చదువుకు దాచుదామని చెల్లె. "పన్నెండేండ్లు పరాయోళ్ల వాకిట్ల కత్తెర పట్టిన. ఇగ నా ఇంటి ముంగట గూడ అదే పనా?" అన్నాడట. ఆ మాటకు చెల్లె నోరు మూతపడిపోయింది. ఎంత కష్టం పడితే ఆ మాట వస్తుంది చెప్పండి!

రోడ్డు మీది మొక్క ఇంటికొద్దు

కొన్నాళ్లు ఊరుకుని, చెల్లె ఓ రోజు రోడ్ల వెంట దట్టంగా పెరిగే కోనోకార్పస్ మొక్కలు తెస్తానంది. 2015లో మొదలైన హరితహారంలో ఊరూరా నాటినవే. అప్పుడు నోరు విప్పాడు మరిది. "దాని సంగతి నన్నడుగు. వేర్లు నీళ్ల కోసం పైపులల్ల, మోరీలల్ల దూరుతయ్" అని. నిజమే. ఆ బాధలకే గుజరాత్ ప్రభుత్వం 2023లో ఆ మొక్కను నాటొద్దని నిషేధించింది కూడా.

పసుపు ఆకుల డ్యూరాంటా మాటేమిటంది చెల్లె. చూడ్డానికి బాగుంటుంది, చవక కూడా. కానీ దాని పండ్లు విషం. ముత్యాల్లా వేలాడుతుంటే చిన్నపిల్లలు నోట్లో పెట్టుకోరూ? అదీ వద్దనుకున్నారు. వద్దన్నవాడే ఏది పెట్టాలో చెప్పాలి కదా! చివరికి అత్తమ్మే తేల్చింది. "మా అమ్మగారింటి చుట్టూ మైదాకు కంచె ఉండేది. ఎవ్వరు జెప్పిండ్రు దానికి గోడ గావాలని?"

గోరింటాకే అండీ, మా వైపు మైదాకు అంటాం. మూడు వానాకాలాల కిందట నాటారు. ఇప్పుడు ఛాతీ ఎత్తున, తెరలా దట్టంగా నిలబడింది. ముదిరిన కొమ్మల చివర్లు ముల్లులా గట్టిపడతాయి, దూరి రావడం అంత తేలిక కాదు.

మీరూ ఇలా పెంచండి

వానలు పడగానే పెన్సిల్ మందం కొమ్మలు జానెడు పొడవున కోసి, సగం పైగా మట్టిలోకి దిగేలా గుచ్చాలి. అడుగున్నర లోతు కాలువ తీసి పశువుల ఎరువు కలిపితే మరీ మంచిది. మొక్కకూ మొక్కకూ అడుగు దూరం చాలు. అడుగున్నర ఎత్తు రాగానే, "అయ్యో" అనుకోకుండా పై మూడోవంతు కత్తిరించేయండి. అలా చేస్తేనే కింది నుంచి కొమ్మలు చీలి గుబురవుతుంది. ఇక్కడే చాలామంది పొరపడతారు.

మరిది చెప్పిన మరో కిటుకు: కంచె అడుగున వెడల్పుగా, పైన సన్నగా ఉండాలి. పైన వెడల్పయితే కిందికి ఎండ తగలక కాళ్లు బోసిపోతాయి. వానాకాలంలో నెలకోసారి కత్తెర పడాలి. మే ఎండల్లో మాత్రం ముట్టుకోవద్దు. నీళ్లు మరీ తగ్గితే ఆకు రాలుస్తుంది కాబట్టి ఎండాకాలంలో వారానికోసారైనా తడపండి.

గేటుకు అటూ ఇటూ బంతుల్లా గుండ్రంగా ఉన్న రెండు పొదలు చూసి ముచ్చటపడ్డాను. అవి నాగగొలుగు, నర్సరీలో మధుకామిని అని అడగాలి. కరివేపాకుకు దగ్గరి చుట్టం. ఏడాది పొడుగునా పచ్చగా ఉంటుంది, మెల్లగా పెరుగుతుంది కాబట్టి చేసిన ఆకారం చెదరదు. తెల్లని పూలు ఘుమఘుమలాడతాయి గానీ, కత్తెర ఎక్కువైతే పూత తగ్గుతుంది. నిమ్మ, బత్తాయి తోటల దగ్గర మాత్రం పెట్టకండి. ఆ చెట్లకు తెగులు అంటించే పురుగు దీని మీదా బతుకుతుంది.

ఇలా మొక్కను ఆకారంగా కత్తిరించే విద్యను టోపియరీ అంటారు. దాదాపు రెండు వేల ఏళ్ల కిందటే రోమన్ రచయిత ప్లినీ, తన తోటలో బాక్స్‌వుడ్ పొదలను జంతువుల్లా, అక్షరాల్లా కత్తిరించారని ఉత్తరంలో రాశాడు. బాక్స్‌వుడ్ చల్లని చోట్ల బాగా పెరిగే మొక్క. మే నెలలో 45 డిగ్రీలు దాటే జగిత్యాల ఎండల్లో దాన్ని కాపాడుకోవడం కష్టం. మన నాగగొలుగే మనకు బాక్స్‌వుడ్ అనుకుందాం.

నేనున్న రోజు సాయంత్రం మరిది తనంతట తానే కత్తెర తీశాడు. చప్పుడు వినగానే వాడకట్టు ఆడవాళ్లంతా చాటలు పట్టుకుని వచ్చేశారు! కత్తిరించిన కొమ్మల నుంచి ఆకు దూసుకోవడం, కంచె మీది నుంచే కబుర్లు, రోట్లో నూరడం... రాత్రికి అందరి చేతులూ ఎర్రగా పండాయి. పాప వాళ్ల నాన్న అరచేతిలో కూడా ఒక చుక్క పెట్టింది. ఆయన తుడుచుకోలేదు. "అక్కడ కత్తిరించినదంత లారీల బోయేది వదినా, ఎటు బోయేదో గూడ తెల్వది" అన్నాడు.

గోడ డబ్బు పాప పేరున పోస్టాఫీసులో ఉంది.

మీ ఇంటి ముందూ కాస్త జాగా ఉందా? ఖర్చేం లేదండీ. ఈ వానలకు పక్కింటి మైదాకు చెట్టు నుంచి నాలుగు కొమ్మలు అడిగి తెచ్చుకోండి. రేపు మీ కంచె ఆకు కోసం వాళ్లే చాట పట్టుకుని వస్తారు.