నాన్న గ్లాసు

ఆదివారం మధ్యాహ్నం హ్యూస్టన్‌లో పార్కుల వైపు వెళ్తే మెక్సికో కుటుంబాల సందడి కంటికన్నా ముందు ముక్కుకే తెలుస్తుంది. బొగ్గుల మీద పల్చటి గొడ్డుమాంసం ముక్కలు చిటపటమంటుంటాయి. దాని పేరు కార్నె అసాదా. వారమంతా వంట అమ్మదే అయినా ఆ పూట పట్టకారు నాన్నది. (అన్ని ఇళ్లూ ఇంతే అనను, మా వీధిలో వంటంతా తానే చేసే నాన్న ఉన్నాడు.) తొలి ముక్కను టోర్టియా రొట్టెలో చుట్టి, నిమ్మచెక్క పిండి, చిన్నవాడి చేతికిస్తాడు. వాడు కొరికి, ఘాటుకి కళ్లు చికిలించి, నాన్న మొహంలోకి చూస్తాడు. నాన్న హాయిగా నములుతుంటే వాడూ నమిలేస్తాడు.

మామిడి ముక్కల మీద ఉప్పూ కారం చల్లుకోవడం వాళ్లకీ ఉందండోయ్, పైన నిమ్మరసం కూడా. ఇంకో చుట్టరికం చెప్పనా? ఆగ్వా దె హమైకా అని ఎర్రటి పానీయం తాగుతారు. అది మన ఎర్ర గోంగూరే! పువ్వు వాడాక కాయ చుట్టూ మిగిలే ఎర్రటి తొడుగుల్ని ఎండబెట్టి మరిగిస్తారు. మనం ఆకు నూరుకుంటాం, వాళ్లు ఎరుపు తాగుతారు.

అయితే అదే బల్ల మీద పెద్ద కోలా సీసా కూడా ఉంటుంది. అమ్మేమో నీళ్లు తాగమంటుంది, నాన్న గ్లాసులోనేమో నల్లటి నురుగు. పిల్లాడు ఎవరి మాట వింటాడో చెప్పక్కర్లేదు. అలాగని ఆ నాన్నను తిట్టబుద్ధి కాదు. రోజంతా ఒళ్లు హూనం చేసుకుని వచ్చేవాడికి పిల్లల మొహాలు వెలిగించే దగ్గరి దారి ఆ సీసా. మా నాన్నగారికి జీతంరోజు జిలేబీ పొట్లం ఉన్నట్టే.

తిండి సంగతులు చెప్పాలంటే అందరూ అమ్మల్నే పిలుస్తారు. మినసోటాలో ఒక కార్యక్రమానికి మాత్రం మెక్సికో వంటి దేశాల మూలాలున్న లాటినో నాన్నల్ని పిలిచారు, 10 నుంచి 14 ఏళ్ల పిల్లల్ని వెంటబెట్టుకు రమ్మని. ‘పాద్రెస్ ప్రెపరాదోస్, హోవెనెస్ సలుదాబ్లెస్’ అని దాని పేరు. నాన్నలు సన్నద్ధం, పిల్లలు ఆరోగ్యం అన్నమాట. ఉపన్యాసంతో సరిపెట్టకుండా ఇద్దరిచేతా కలిసి వండించారు. నాన్నలకు నేర్పింది కూడా పెద్ద శాస్త్రమేం కాదు: పిల్లలు తినాలనుకున్నది ముందు మీరు తినండి, ఇంట్లోకి ఏం తెస్తున్నారో చూసుకోండి.

నాకు ఆ వంటగది చూడాలనుంది. బొగ్గుల దగ్గర మీసం తిప్పే పెద్దమనిషి అక్కడ దోసకాయ తరగలేక తంటాలు పడుతుంటాడు. పన్నెండేళ్ల కూతురు చాకు లాక్కుని, “అలా కాదు పాపీ” అంటుంటుంది, వాళ్ల భాషలో నాన్నా అని.