అటకమీది కుట్టుమిషను

మన యిండ్ల అటకలమీద నేమేమి యున్నవో మనకే తెలియదు. విరిగిన ఊయెలబల్లలు, చిల్లులుపడిన గంగాళములు, మూతలేని భోషాణములు. వీనినడుమ నొక నల్లని చేతిమిషను గూడ కొన్ని యిండ్లలో దాగియున్నది. రాజోలు ప్రాంతమున మా మేనత్తగారి మిషను నట్లే క్రిందికి దింపి, అది యెచ్చటిదో, యెప్పటిదో తెలిసికొని, తిరుగ కుట్టునట్లు చేయుటకు మాకు మూడుమాసములు పట్టినది. ఆ వివరములు చదువరులకు పనికివచ్చునని వ్రాయుచున్నాము. వానివెంట మఱియొక సంగతియు బయటపడినది. దానిని గూడ దాచము.

“ఇది సింగరు మిషను” అనుట “ఇది ఆవు” అనుటవంటిది. ఏ జాతిది, ఎన్ని యీతలది యన్నది తరువాతి ప్రశ్న. పీఠముయొక్క కుడివైపున ఒక సంఖ్య చెక్కబడియుండును. అచ్చట నూనెగుడ్డతో నిదానముగా తుడువగా ‘వై’ అను నింగ్లీషు అక్షరమును, దానివెనుక ఏడంకెలును కనబడినవి. 1900 వఱకు సింగరువారి సంఖ్యలకు ముందక్షరము లేదు. పిమ్మట నక్షరమునుబట్టి కర్మాగారము తెలియును. ‘వై’ అనునది స్కాట్లండులోని క్లైడుబ్యాంకు పట్టణమున కిల్బోవీ కర్మాగారమునకు 1921 మొదలు 1935 లోపల నిచ్చిన యక్షరము. సంఖ్యలను గుంపులుగుంపులుగా ముందే కేటాయించెడివారు గనుక సంవత్సరము ఇంచుమించుగా చెప్పవచ్చునేకాని పుట్టినరోజు చెప్పరాదు.

జారుడురేకును తీసిచూడగా గుండ్రని బాబిను లేదు. బండారులంక నేతగాండ్ర నాడెను చిన్నది చేసినట్లు తూటా ఆకారముగల షటిలును, దానిలో సన్నని పొడుగాటి కండెయు నున్నవి. అది ముందువెనుకలకు ఊగుచు పైదారపు ఉచ్చులోనుండి దూరి కుట్టును బిగించును. మిషను పూర్తి కొలతది కాదు, ముప్పాతిక కొలతది. కనుక 28 గాని 128 గాని కావలెను. దారము చుట్టు చిన్నచక్రము క్రిందుగా నుండక మీదుగా నున్నది గనుక 128 అని నిశ్చయించితిమి. సంఖ్యకు చేర్చు ‘కె’ యక్షరము కిల్బోవీ పేరే.

ఆ కర్మాగారము 1885లో పని మొదలుపెట్టి 1980లో మూతపడినది. 1911 మార్చిలో అచ్చట చెక్కపెట్టెలకు మెఱుగుపెట్టు గుప్పెడు స్త్రీలు, తక్కువమందితో ఎక్కువ పని చేయించుచున్నారని పని మానిరి. వారివెంట పదివేలమందికి పైగా వెలుపలికి వచ్చిరి. సమ్మె నెగ్గలేదు. మన యిండ్లలోని నల్లమిషను వెనుక నిట్టి స్త్రీలున్నారని మాకీ పనిలో దిగుదాక తెలియదు.

1924లో గాంధీమహాత్ముడు యంత్రములను విమర్శించుచునే సింగరు కుట్టుయంత్రమునకు మినహాయింపు నిచ్చెను. భార్య కుట్టుశ్రమను చూడలేక సింగరు దానిని కల్పించెనని ఆయన నమ్మకము. చరిత్ర యంత మధురముగా లేదు. 1846లోనే ఎలియాస్ హోవే పేటెంటు పొందెను. 1851లో సింగరు తన యంత్రమునకు పేటెంటు తీసికొని, తరువాత హోవేకు సొమ్ము చెల్లింపవలసివచ్చెను. ఇక సింగరుగారి సంసారము స్త్రీలయెడ దయకు దృష్టాంతముగా జెప్పదగినది కానేకాదు! అయినను 1856 నాట ఆయన భాగస్వామి క్లార్కు పెట్టిన వాయిదాల పద్ధతివలన ఒక్కసారి సొమ్మివ్వలేనివారికిని యంత్రము చిక్కినది. మనదేశమున 19వ శతాబ్ది చివరిభాగమున నసర్వాంజీ మెర్వాంజీ పటేలు అను పార్సీ వర్తకుడు సింగరు ఏజెంటుగా నుండి ఈ వ్యాపారమును విస్తరింపజేసెను.

మా మిషను చక్రము ఎంతత్రిప్పినను కదలలేదు. 1986 గోదావరి వఱదకు ముందే అటక యెక్కినది గనుక మునుగలేదు; 1996 నవంబరు 6వ తేది తుపానులో పెంకులు లేచిపోగా రాత్రియంతయు తడిసినది. అందుచేత తుప్పే కారణమనుకొంటిమి. అమలాపురమున ఒక వృద్ధ మేస్త్రీ వేలితో రాచి, వాసనచూచి నవ్వెను.

“ఆయ్, తుప్పు కాదండి. ఎవరో కొబ్బరినూనె పోసేశారండి. అది తలకు రాసుకునేదండి గానీ మిషనుకు కాదండి.”

కోనసీమలో కొబ్బరినూనెకు కొదవయా! కాని యది కాలక్రమమున జిగురై, పిదప లక్కవలె గట్టిపడి ఇనుమును పట్టివేయును. మేస్త్రీ చెప్పినట్లు మిషనును ఎండలో వేడిచేసి, నూనెరంధ్రములన్నిట కిరసనాయిలు చుక్కలు వేసి, సాయంకాలమున చక్రమును వెండ్రుకవాసి అటునిటు కదలించితిమి. సుత్తి ముట్టలేదు. నాలుగవనాడు చక్రము తిరిగినది. పిమ్మట కిరసనాయిలును తుడిచి అసలైన మిషను నూనె వేయవలెను; లేకున్న కిరసనాయిలు ఆరిపోయి లోహము లోహముతో ఒరసికొనును. స్పిరిటుతో మాత్రము తుడువరాదు. బంగారు తీగలు లక్కపూత క్రింద నుండును. స్పిరిటు ఆ లక్కను కరగించి తీగలనుగూడ తీసికొనిపోవును.

కుట్టువారి చేయి ఆనుచోట ఆ తీగలు పూర్తిగా నరిగిపోయినవి. నల్లరంగు వేయించి క్రొత్త బంగారుబొమ్మలంటించిన హోటలులో అలంకారముగా కొందురని మా బాబాయిగారి కుమారుడనెను. మేమొప్పుకొనలేదు. అరిగినచోటే దానికి అసలైన గుర్తు. మఱునాడొక దళారి వచ్చి, ఇందులో ‘ఎఱ్ఱ పాదరసము’ ఉన్నచో లక్షలిత్తునని సెల్ఫోను సూదిదగ్గఱ ఆడించి చూచెను! 2009లో సౌదీఅరేబియాలో ఇట్టి పుకారే పుట్టి పాతసింగరుల ధరలు ఆకాశమంటినవి. అట్టి పదార్థము మిషనులో నుండదు. ఇనుము, ఉక్కు, కొయ్య, ఇంతియే. చదువుకొన్న యిండ్లుసైతము ఈ వలలో పడుట శోచనీయము.

ఇక నా రెండవ సంగతి. చెక్కపీఠము ప్రక్క అఱలో సూదులపొట్లముతో కూడ నాలుగుమడతలు పెట్టిన లెక్కచీటీలు దొరకినవి. తడిసి కొన్ని అంటుకొనిపోయినవి. మిగిలినవానిలో మా మేనత్తగారి వ్రాత స్పష్టముగా నున్నది. ఆమెకు పందొమ్మిదవ యేటనే వైధవ్యము. 1881లో రాజమహేంద్రవరమున వీరేశలింగముగారు జరిపించిన వితంతు వివాహపు వార్త గోదావరి దాటి యుండును. మా యింటి గడప దాటలేదు. “ఏదో కాలక్షేపానికి కుట్టుకునేది, మేమే పోషించాం” అని మా యింట ఇప్పటికిని చెప్పుదురు. చీటీలలో నున్నది వేఱు. రవిక నాలుగణాలు, లంగా ఆరణాలు, ఇంటింటి పేరునను బాకీలు, వసూళ్లు. “వదిన రవికలు ఆరు, ఇవ్వలేదు” అని మూడుచోట్ల. ప్రతి జూలైలోను, “తమ్ముడి కాలేజీ జీతము” అను పద్దు. మూడేండ్లట్లే యున్నది.

ఆ తమ్ముడే మా బాబాయిగారు. ఎనుబదియైదు దాటినవి. చీటీని కంటిదగ్గఱ పెట్టుకొని చాలసేపు చూచెను.

“నాన్న కట్టాడనుకున్నానురా. ఒక్కనాడూ చెప్పలేదే అక్కయ్య!”

చెప్పినచో నెవరు విందురు? ఈ ప్రశ్న మేము పైకి అనలేదు. అమ్మకపు మాట యంతటితో నాగినది. మిషను నెవరికిచ్చుటయని మాత్రము వారముదినములు వాదము జరిగినది. చివరకు, టైలరింగు నేర్చి యింటియొద్ద పని చేయదలచిన బాబాయిగారి మనుమరాలే దానిని కోరి పుచ్చుకొన్నది. షటిలులోని సన్నని స్ప్రింగును మేస్త్రీ తన పాత డబ్బాలో వెదకి వేసెను. విఱిగిన పిడిని వడ్రంగి టేకుతో చేసెను. కండెలు రెండే మిగిలినవి. మఱి నాలుగు కావలెను. గుడ్డ దళసరిదైనచో ఒక్కొక్కప్పుడు కుట్టు తప్పుచున్నది; అది సూదిదోషమని మేస్త్రీ యభిప్రాయము.

మొన్న బాబాయిగారు రెండు లాల్చీలు చేతులు కురచచేయుమని ఆ పిల్లకిచ్చిరి. ఆమె నలువది రూపాయలు చెప్పి, పుచ్చుకొన్నది.