ఆసు పోసే చేతికి కూలి లేదు

చేనేత మీద ప్రత్యేక సంచిక తెస్తున్నాం, భూదాన్ పోచంపల్లి వెళ్లి రమ్మన్నారు సంపాదకులు. మగ్గాలు, రంగుల బట్టీలు, దుకాణాలు, వినోబా మందిరం అంటూ చూడాల్సినవన్నీ ఒక కాగితం మీద రాసిచ్చారు. మొదటి వీధి దాటకముందే ఒక ఇంటి వసారాలో ఆసు పోస్తున్న పెద్దమ్మ కనిపించింది. ఆ పూటంతా అక్కడే గడిచిపోయింది.

ఆసు చూడనివాళ్లకు చెప్పాలి. చెక్క మీద అర్ధచంద్రాకారంలో వరసగా దిగేసిన మేకులు, వాటికి ఎదురుగా ఒంటిగా ఒకటి. పట్టుపోగు పట్టిన చెయ్యి ఒంటి మేకు దగ్గర బయలుదేరి, అవతల ఒకదాన్ని చుట్టి వెనక్కి వస్తుంది, మళ్లీ పోతుంది. పేక ఇలా తయారయ్యాకే దాని మీద గుర్తులు పెట్టి, సైకిలు ట్యూబు కోసిన రబ్బరు పట్టీలతో ముడులు కట్టి, రంగులో ముంచుతారు. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ ఆడాలి. నాలుగైదు గంటల పని. ఆమె నాతో మాట్లాడుతూనే పోస్తోంది. చూపు నా మీదే ఉంది, పోగు మాత్రం ఒక్క మేకునూ తప్పలేదు. కుడి భుజం ఎడమదానికన్నా కిందికి జారి ఉంది. ఇంత నేర్పున్న చెయ్యిని ఇంత దగ్గరగా చూడటం నా అదృష్టం.

ఆలేరు దగ్గరి శారాజీపేటలో చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి ఇలాగే ఆసు పోసి పోసి భుజం నొప్పితో బాధపడటం చూడలేక ఏళ్ల తరబడి తంటాలుపడి 1999లో ఆసు యంత్రం తయారుచేశాడు. దానికి తల్లి పేరే పెట్టాడు. నాలుగైదు గంటల పని గంటన్నరకు తగ్గింది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఈ ఇంట్లో ఆ యంత్రం లేదు. ఎందుకమ్మా అని అడిగాను.

"మిషినికి పైసలు యాడికెళ్లి తేవాలె బిడ్డా? కొడుక్కు వార్పుకింతని కూలి ఇస్తరు. ఆసుకు, కండెలకు యేరేగ ఎవరిస్తరు?"

మగ్గం మీద ఏడెనిమిది చీరల పడుగు ఎక్కుతుంది. అది దిగాక నేయించే షావుకారు ఇచ్చే కూలి నేసిన మనిషి పేరు మీదే వస్తుంది. ఆసు పోసిన తల్లి, పేకపోగును కండెలకు చుట్టిన కోడలు ఆ కూలిలోనే కలిసిపోయారు. చీర వెనుక ముగ్గురుంటే చిట్టాలో పేరు ఒకరిదే.

మధ్యాహ్నం దాటాక ఓ యువ ఉద్యోగి చేనేత పథకాల ఫారాలతో వచ్చాడు. మర్యాదస్తుడు, ఓపిగ్గా చెప్పాడు. అయితే అతని నోట వచ్చిన ప్రతి మేలూ ఇంగ్లీషులోనే వచ్చింది. "మీ ఇంటికి ఇన్ని బెనిఫిట్స్ వస్తున్నాయి, మీరు బెనిఫిషరీలు, ఇంకో ఇన్సెంటివ్ కూడా ఉంది." అతను చెప్పినవాటిలో పొదుపు పథకమూ ఉంది. 2017లో తెలంగాణలో అది మొదలైనప్పటి లెక్క ప్రకారం నేతకారుడు తన కూలిలోంచి 8 శాతం వేస్తే, ప్రభుత్వం 16 శాతం కలుపుతుంది. మంచి పథకం, కాదనను. కానీ ఆ కుటుంబం కడుపు కట్టుకుని వేసిన 8 శాతాన్ని కూడా బెనిఫిట్ ఖాతాలోనే చదివి వినిపిస్తుంటే నాకు కోపం ఆగలేదు. అది వాళ్ల చెమట.

అంతకుముందు ఒక దుకాణంలో విన్న మాటలు అప్పుడు మళ్లీ చెవిన పడ్డట్టయింది. అక్కడ మార్జిన్, ప్రాఫిట్, ప్రీమియం. ఇలా ముడులు కట్టి రంగులు వేసి నేసే పోచంపల్లి ఇకత్‌కు 2004-05లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కనుక ప్రీమియం అడగొచ్చని ఆ యజమాని ధీమా. అడగొచ్చు, అడగాలి కూడా. పవర్‌లూమ్ బట్ట మీద ఇకత్ డిజైను అచ్చువేసి అమ్మేవాళ్ల మధ్య అసలు సరుకుకు ఎక్కువ ధర రావలసిందే. అయితే ఆ ప్రీమియం ఏ గడప దగ్గర ఆగిపోతోంది? ఒకే చీర మీద పుట్టిన డబ్బు అమ్మేచోట ప్రాఫిట్, అది అమ్మేవాడి హక్కు. నేసేచోట బెనిఫిట్, అది ఎవరో దయతలచి ఇచ్చింది. ఈ పంపకాన్ని ఎవరూ కూర్చుని నిర్ణయించి ఉండరు. ఫారాల్లో, బిల్లుల్లో, సమావేశాల్లో ఏళ్లుగా అలా వాడుతూపోయాం. వాడగా వాడగా నేతపనివాళ్లే తమను పుచ్చుకునేవాళ్లుగా అనుకోవడం మొదలుపెట్టారు. ఆ పెద్దమ్మ కొడుకు ఫారం మీద సంతకం పెడుతూ "మేం బెనిఫిషరీలం సారూ" అని నాకు పరిచయం చేసుకున్నాడు. డబుల్ ఇకత్‌లో పడుగు మీది రంగునూ పేక మీది రంగునూ వెంట్రుకవాసి తేడా లేకుండా కలపగల మనిషి అతను.

2019-20 చేనేత గణనలో దేశంలోని నేత కుటుంబాల్లో మూడింట రెండు వంతుల దాకా నెలకు 5,000 రూపాయలలోపే సంపాదిస్తున్నాయని తేలింది. ఇన్ని బెనిఫిట్స్ పేర్లు చదివాక కూడా మిగిలిన అంకె అది. మల్లేశం యంత్రం మిగిల్చే గంటలు కూడా ఆసుకు వెల కట్టనంతకాలం ఏ లెక్కలోకీ రావు. భుజానికి సుఖం, అంతవరకే. కూలిలేని పనిని తొందరగా ముగించినందుకు ఎవరూ పైసా ఎక్కువ ఇవ్వరు.

ఉద్యోగి వెళ్లిపోయాక, ఒక చీర ఆసుకు ఎంతిస్తే గిట్టుబాటవుతుందమ్మా అని అడిగాను. ఆలోచించలేదు. "నాట్లకు పోతె పూటకెంత ఇస్తరో గంతన్న ఇయ్యాలె గద."

ఇది గొంతెమ్మ కోరిక కాదు. కూలి చిట్టాలో నేతకు ఒక వరస, ఆసుకు ఒక వరస, కండెలకు ఒక వరస రాయించాలి. సహకార సంఘాలు ఆ పని రేపే మొదలుపెట్టవచ్చు, షావుకార్ల చేత చేయించే బాధ్యత చేనేత శాఖది. ఆ పూట కూలి చీర ధరలో చేరాక అమ్మేవాడి మార్జిన్ తగ్గుతుందంటే, తగ్గనివ్వండి.