ఆదివారపు వడ్రంగం

ఇంట్లో సరదాకి ఉలి పట్టుకున్న ఉద్యోగస్థుడికి రెండు గండాలు. ఒకటి వేలికి, రెండోది ఆదివారానికి. వేలి సంగతి ఎవరికైనా తెలుసు. ఆదివారాన్ని దక్కించుకునే ఉపాయాలే నేను చెప్పబోయేవి.

మా ఇల్లు తార్నాకలో. వెనక వసారాలో ఓ పాత బల్ల, గోడకు నాలుగు పనిముట్లు, ఇదీ నా కార్ఖానా. ఉదయం 10 కాకముందు రంపం మోగితే మేడమీది పిల్లల చదువు చెడుతుంది; మధ్యాహ్నం ఒంటిగంట దాటితే పక్కవాటావారి కునుకు చెడుతుంది. మిగిలేవి మూడు గంటలు. ఈమధ్య వాటికి విలువ పెరిగింది. 80 దాటిన మా అమ్మ పూజకు పీటమీద కూర్చుంటే, ఒకరు చెయ్యి అందిస్తే తప్ప లేవలేకపోతోంది.

"దేవుడి ముందు కూర్చుని మనుషుల్ని వేడుకోవలసి వస్తోందిరా," అంది ఒకనాడు. నవ్వుతూనే అంది గాని, నాకు నవ్వు రాలేదు.

ఎత్తుపీటలు బజారులో దొరకవా అంటారేమో. దొరుకుతాయి. కాని అవి బజారు ఎత్తువి, మా అమ్మ ఎత్తువి కావు. అందుకని టేపు పక్కనపెట్టి ఓ సన్నని బద్ద తీసుకున్నాను. అమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, నేలనుంచి మోకాలి మడత దాకా కొలిచి బద్దమీద గీటు పెట్టాను. దానికి ఓ అంగుళం పైన ఇంకో గీటు. ఆసనం కాస్త ఎత్తుగా ఉంటే లేవడం సులువు. పైచెక్క మందం, కాళ్ళ పొడవు కూడా అక్కడే గుర్తుపెట్టాను. అంకె మరిచిపోవచ్చు గాని, గీటు ఎక్కడికీ పోదు.

రెండో ఉపాయం: నాలుగు కాళ్ళనూ విడివిడిగా కొలవకండి. బల్లకు ఓ చెక్కముక్కను అడ్డుగా బిగించి, ప్రతి కాలినీ దానికి ఆనించి ఒకేచోట కోయండి. నాలుగూ ఒకే పొడవు వస్తాయి. లేకపోతే కుంటే కాలిని సరిచేస్తూ సరిచేస్తూ ఎత్తుపీట కాస్తా మామూలు పీట అవుతుంది!

మూడోది: సానరాయి పని శనివారం రాత్రే కానివ్వండి. ఉలి పదును 25 నుంచి 30 డిగ్రీల వాలులో ఉండాలి. మొద్దుబారిన ఉలి చెక్కను కొయ్యదు, నలుపుతుంది.

నాలుగోది: స్క్రూకు ముందు సన్నని బెజ్జం వేసి, మరలకు కొవ్వొత్తి రాయండి. గట్టి టేకులోనైనా మణికట్టు నొప్పిలేకుండా దిగుతుంది.

ఇక జిగురు. పూర్వం వడ్రంగులు వజ్రం అనే జిగురును పొయ్యిమీద వేడిచేసి, చల్లారేలోగా అతికేవారు. 1959లో ఫెవికాల్ వచ్చాక ఆ బాధ తగ్గింది. పని ముగించేముందు జిగురు పూసి, పాత సైకిలు ట్యూబును పట్టీలుగా కోసి బిగించి చుట్టండి. రాత్రంతా అది కాపలా కాస్తుంది, మనం నిద్రపోవచ్చు.

"ఈ సన్నాహంలో రెండు పీటలయ్యేవి," అంది మా ఆవిడ.

ఆ సాయంత్రం ఉస్మానియా ఆవరణలో నడుస్తూ ఆమెకు ఆర్ట్స్ కాలేజీ చూపించాను. ఆ భవనానికి పునాదిరాయి వేసింది 1934లో, ప్రారంభమైంది 1939లో. అంతకు ముందే జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా అనే వాస్తుశిల్పులు దేశదేశాల విశ్వవిద్యాలయాలు తిరిగి చూసి వచ్చారు. రాయి చెక్కాక ఆలోచిస్తే ఏం లాభం?

"వాళ్ళ సన్నాహానికి నిజాంగారు ఖర్చు పెట్టుకున్నారు. మరి మీకో?" అంది.

నాకు ముట్టవలసింది మరుసటి ఆదివారం ముట్టింది. హారతి అయ్యాక అమ్మ రెండు చేతులూ మోకాళ్ళమీద ఆనించి, తనంతట తానే లేచింది. లేచి, పీటను ఓసారి తడిమిచూసి, "వంటింట్లోకి ఇంకోటి చెయ్యరా," అంది.

బద్ద గోడకు వేలాడుతూనే ఉంది.