‘అవును’ విలువ ఎంత?

లెక్కల అధ్యాపకుడనైన నాకు కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయడం ఒక సరదా. ఆ సరదాయే ఒకసారి మా విద్యార్థుల ఉపకార వేతనములకు ఎసరు పెట్టబోయినది.

దరఖాస్తులలో ఇంగ్లీషు అక్షరములతో వ్రాసిన పేర్లను పై కార్యాలయమునకు పంపే ముందు సరిచూడవలసి ఉన్నది. పేరులో అంకెలు గాని, అక్కరలేని గుర్తులు గాని దొర్లితే దానిని వేరుచేసి చూపే చిన్న ప్రోగ్రామును సి భాషలో వ్రాసినాను. ఆ భాషలో ‘ఈజాల్ఫా’ అనే ప్రమేయము ఉన్నది. ఒక గుర్తును దానికి అందిస్తే అది అక్షరమో కాదో చెప్పుతుంది. నేను ‘ట్రూ’ అను పేరునకు 1 విలువ నిచ్చి, ‘ఈజాల్ఫా చెప్పినది ట్రూకు సమానమైతే’ అని షరతు పెట్టినాను. మా మేనల్లుని ఆపిల్ కంప్యూటరుపై పరీక్షిస్తే చక్కగా పనిచేసినది.

మరునాడు కళాశాలలోని లినక్స్ యంత్రముపై నడిపితే పేర్లన్నియు తప్పుల పట్టికలో చేరినవి. అన్నియు తప్పని చెప్పిన యంత్రమును అనుమానించవలసినది పోయి నేను పిల్లలను అనుమానించినాను. ‘ఎం.డి.’, ‘ఎస్.కె.’ అని పొట్టిగా వ్రాసి చుక్కలు పెట్టుట మా ముస్లిం విద్యార్థులకు అలవాటు. ఇంటిపేరును ఒక అక్షరముతో సరిపెట్టి చుక్క పెట్టుట తక్కినవారికి అలవాటు. ఆ చుక్కలే కారణమని తేల్చి, అందరిని పూర్తి పేర్లతో మరల దరఖాస్తులు వ్రాయమన్నాను. పాపం, ఎవరును ఎదురు చెప్పలేదు. దరఖాస్తు తిరిగి వచ్చుట వారికి కొత్త కాదు గదా!

రెండవసారియు అదే ఫలితము. అప్పుడు మొదటి సంవత్సరము చదివే రుఖియా అను బాలిక వచ్చి, “సార్, నా పేరులో మొదటినుంచి చుక్క లేదు, ఖాళీ లేదు. తప్పు ఎక్కడ ఉన్నదో చూపిస్తే దిద్దుకుంటాను” అన్నది. చూపించుటకు నా వద్ద ఏమియు లేదు. ఆ సాయంత్రము ఈజాల్ఫా ఇచ్చే విలువను తెరపై అచ్చువేయించినాను. వచ్చినది 1 కాదు, 1024.

ఆ లినక్స్ యంత్రములోని సి గ్రంథాలయము ప్రతి గుర్తు లక్షణములను ఒక్కొక్క బిట్టుగా దాచుకొంటుంది. పెద్ద అక్షరమునకు 256, చిన్న అక్షరమునకు 512, అక్షరమగుటకు 1024. అడిగినప్పుడు ఆ బిట్టునే తీసి చేతిలో పెడుతుంది. ఆపిల్ యంత్రములో దానిని 1గా మార్చి ఇస్తారు. రెండును న్యాయమే. 1989 నాటి సి ప్రమాణము మాట ఇచ్చినది ‘సున్న కాని విలువ’ అని మాత్రమే. 1 అని ఎన్నడును అనలేదు.

జార్జి బూల్ 1854లో ప్రకటించిన గ్రంథములో ఆలోచనా నియమములను 0, 1 అను రెండింటితో నడిపించినాడు. 1970ల తొలినాళ్ళలో బెల్ ప్రయోగశాలలో డెన్నిస్ రిచీ రూపొందించిన సి భాషలో సత్యాసత్యములకు ప్రత్యేకమైన జాతియే లేదు. సున్న అసత్యము, తక్కిన సంఖ్యలన్నియు సత్యము. 1999 ప్రమాణముతో బూల్ జాతి వచ్చినది గాని ఈజాల్ఫా వంటి పాత ప్రమేయములు పాత దారినే ఉన్నవి.

మన ఇండ్లలో ‘భోజనమైనదా?’ అని అడిగితే ఒకరు ‘హాఁ’ అంటారు, ఒకరు ‘జీ హాఁ’ అంటారు, మరొకరు ‘ఔను’ అంటారు. ‘హాఁ’ అన్నవారు మాత్రమే తిన్నట్లు లెక్క వేసే ఇల్లాలు ఉంటే ఆమె నా ప్రోగ్రాము వంటిది. అసలు నా షరతు వాక్యమే వికారము. ‘వాన వస్తే గొడుగు తెమ్ము’ అంటాము గాని, ‘వాన వచ్చుట సత్యమునకు సమానమైతే’ అని ఎవరంటారు? సమానమన్న ముక్కను కొట్టివేసి ‘అక్షరమైతే’ అని ఊరుకొన్నాను. పనిలో పనిగా చుక్కకును అనుమతి ఇచ్చినాను.

అయితే అన్ని చోట్ల ఇట్లు ఊరుకొనుటయు ప్రమాదమే. రహస్య సంభాషణలకు వాడే ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్‌లో సంతకమును పరీక్షించే ప్రమేయమొకటి సరియైతే 1, కాకుంటే 0, పరీక్షయే చెడితే మైనస్ 1 ఇస్తుంది. పిలిచినవారు సున్న కానిదంతయు సత్యమనుకొన్నందున, వికృతమైన సంతకములు మంచివిగా చెల్లే లోపము 2009 జనవరిలో బయటపడినది. అక్కడ 1తో పోల్చుటే ధర్మము. ప్రమేయము ఏమని మాట ఇచ్చినదో చదివి తెలుసుకొనక తప్పదు. నేను చదవలేదు.

ప్రోగ్రాము బాగుపడినది గాని నా పని తీరలేదు. నా మాట విని ‘ఎం.డి.’ని ‘మహమ్మద్’గా పెంచి వ్రాసిన పిల్లల పేర్లు ఇప్పుడు వారి పదవ తరగతి మెమోలతో కలియవు. కలియని దరఖాస్తు నిజముగానే తిరిగి వస్తుంది. గడువునకు రెండు దినములున్నవి. పాత దరఖాస్తుల కట్టను అటెండరు పారవేయలేదు. నేనును రుఖియాయు కూర్చుండి, మెమోలు ఎదుట పెట్టుకొని, ఒక్కొక్క చుక్కను తిరిగి చేర్చినాము.