రెండు కాసుల ఫోను

2025 దసరా సెలవులకు బాపట్ల నుంచి తెనాలి వచ్చిన మా అమ్మాయి, చేతిలో బ్యాగు కింద పెట్టీ పెట్టకముందే విషయం చెప్పేసింది.

‘నాన్నా, నా ఫోన్ పనైపోయింది. ఈసారి మంచిది కొనుక్కుంటా.’

మంచిదంటే ఎంతలో అనడిగాను. ‘ఎనభై రెండు వేల తొమ్మిది వందలు’ అంది, కిలో టమాటా ధర చెప్పినంత తేలిగ్గా. సెప్టెంబరులో వచ్చిన ఐఫోన్ 17 అట. ఆ నెలలో విడుదలైన నాలుగు మోడళ్లలో అదే అన్నిటికన్నా చవకట. అన్నిటికన్నా పైనున్న ప్రో మ్యాక్స్ అయితే 1,49,900 నుంచి మొదలట.

వంటింట్లోంచి మా ఆవిడ తొంగి చూసింది. నేను మాత్రం ఆవిడ వంక చూడలేదు. ఎందుకో తర్వాత చెబుతాను.

‘ఫోన్‌కి అంత డబ్బేంటమ్మా’ అన్నాను. అలా అంటానని తనకి ముందే తెలుసు. కాగితం, పెన్ను తెచ్చుకుని నా ఎదురుగా కూర్చుంది.

‘2018లో పదకొండు వేలది కొన్నావు. 2020లో పదమూడు వేలది. 2022లో పద్నాలుగున్నర. పోయినేడు పదహారు వేలది. మొత్తం యాభై నాలుగు వేల ఐదొందలు. ఏడేళ్లలో నాలుగు ఫోన్లు. నేను ఒక్కటే కొని ఏడేళ్లు వాడతా. రోజుకి ముప్ఫై రెండు రూపాయలు పడుతుంది. నీకు ఇరవై ఒకటి పడింది. తేడా ఎంత? నువ్వు బజార్లో తాగే ఒక్క టీ!’

నిజం చెప్పొద్దూ, నాకు నోట మాట రాలేదు. లెక్కలో తప్పు లేదు మరి.

మర్నాడు ఇద్దరం బోసు రోడ్డుకి వెళ్లాం. షాపులో కుర్రాడు ధర సంగతే ఎత్తలేదు. ‘నెలకి మూడున్నర వేలు సార్, రెండేళ్లు. వడ్డీ లేదు’ అన్నాడు. ఎనభై మూడు వేలని వింటే గుండె గుభేలుమంటుంది. మూడున్నర వేలంటే, చిట్టీ కడుతున్నాం కదా, అలాగే ఇదీ అనిపిస్తుంది. మనిషి మనసు ఎక్కడ మెత్తబడుతుందో అమ్మేవాళ్లకి బాగా తెలుసు.

వడ్డీ లేని అప్పు అనేది లోకంలో లేదు. ఈ మాట నాది కాదు. 2013 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకే సున్నా శాతం వడ్డీ అనేదే లేదని బ్యాంకులకు స్పష్టం చేసింది. రొక్కంగా కొంటే వచ్చే తగ్గింపును వదులుకోవడమో, ప్రాసెసింగ్ ఫీజు పేరుతో ముట్టజెప్పడమో, ఏదో ఒక దారిలో మనమే కడతాం. క్రెడిట్ కార్డు వాయిదాల్లో అయితే ఆ వడ్డీ మీద జీఎస్టీ అదనం.

అసలీ ధరలు ఇలా ఎందుకెక్కాయి? మన దేశంలో ఐఫోన్ అడుగుపెట్టింది 2008 ఆగస్టులో. అప్పుడు 8 జీబీ ఫోను 31 వేలు. 2017లో ఐఫోన్ టెన్ వచ్చేసరికి 89 వేలు. 2023లో 15 ప్రో మ్యాక్స్ 1,59,900. దీని వెనక కారణాలు లేకపోలేదు. 2008 ఆగస్టులో డాలరుకి 43 రూపాయల దాకా ఇస్తే సరిపోయేది. 2025 సెప్టెంబరుకి 88 దాటింది. ఫోన్లు మన దేశంలోనే బిగిస్తున్నా, మన శ్రీసిటీలోనే 2015 నుంచి ఆ పని జరుగుతున్నా, లోపలి ఖరీదైన చిప్పులు చాలావరకు బయటి నుంచి రావలసినవే. 2020 ఏప్రిల్ నుంచి ఫోన్ల మీద జీఎస్టీ 12 నుంచి 18 శాతమైంది. 2025 చివరికొచ్చేసరికి కృత్రిమ మేధ కోసం కట్టే డేటా సెంటర్లు మెమొరీ చిప్పుల్ని ఎగరేసుకుపోతుంటే వాటి ధరలూ ఎగిశాయి.

ఇంకోపక్క వస్తువూ మెరుగైంది, కాదనను. ఒకప్పుడు రెండేళ్లకే కొత్త సాఫ్ట్‌వేర్ ఆగిపోయేది. 2023లో గూగుల్, 2024లో శాంసంగ్ తమ ఖరీదైన ఫోన్లకి ఏడేళ్లపాటు అప్‌డేట్లు ఇస్తామన్నాయి. కాబట్టి మా అమ్మాయి చెప్పిన ఏడేళ్లు గాల్లో మాట కాదు.

కుర్రాడిని ఒకటే అడిగాను. ‘ఇంత పెట్టి కొన్నవాళ్లు ఎన్నాళ్లు వాడుతున్నారు బాబూ?’ వాడు నవ్వాడు. ‘ఏడేళ్లా సార్? రెండేళ్లకి వాయిదాలు అయిపోగానే ఎక్స్‌ఛేంజికి వచ్చేస్తారు.’

అక్కడ దొరికింది మా అమ్మాయి లెక్కలో కిటుకు. ఏడేళ్లు వాడితే రోజుకి ముప్ఫై రెండు. రెండేళ్లకే మార్చేస్తే నూట పదమూడు. పాతదానికి సగం ధర వచ్చిందనుకున్నా యాభై ఆరుకి తగ్గదు. ధర చీటీ మీద ఉండేది సగం ధరే. మిగతా సగం మన చేతుల్లో, మన బుద్ధిలో ఉంటుంది.

కొంటామనీ చెప్పలేదు, కొనమనీ చెప్పలేదు. పండగకి రేపల్లె బయల్దేరాం. తెనాలి నుంచి రేపల్లె బండెక్కితే వేమూరు, భట్టిప్రోలు మీదుగా పొలాల మధ్య ప్రయాణం. పెట్టెలో చిన్నా పెద్దా అందరి తలలూ ఫోన్లలోనే ఉన్నాయి. ఏది పదివేలదో ఏది లక్షదో వెనక నుంచి చూస్తే తెలియలేదు. అందరూ చూస్తున్నవి మాత్రం అవే వీడియోలు.

రేపల్లెలో మా బావమరిది రొయ్యల చెరువులు చేస్తాడు. అతని చేతిలో అంచులు చెక్కుకుపోయిన పన్నెండు వేల ఫోను. కౌంటు ధరలు, మేత లెక్క, కరెంటు పోతే జనరేటరు దగ్గర మనిషికి కబురు, అన్నీ దాంట్లోనే. 2025 ఆగస్టులో అమెరికా సుంకాన్ని 50 శాతం చేసిన రోజు కూడా చెరువు గట్టు మీద నిలబడి దాంట్లోనే కబురు విన్నాడట.

‘ఏంది బావా, నాకు లక్ష రూపాయల ఫోను ఇచ్చావనుకో, రాత్రిపూట చెరువు మీదకి పోయినప్పుడు నా చూపు రొయ్యల మీద ఉండదు, ఫోను మీద ఉంటది. పడితే ఉప్పునీళ్లే కదా’ అన్నాడు.

మా మామగారు బతికున్నన్నాళ్లూ అదే గట్టు మీద నోకియా 1100 వాడారు. కెమెరా లేదు, రంగుల తెర లేదు. పైన టార్చిలైటు ఉండేది. పాములు తిరిగే గట్టుకి అంతకు మించి ఏం కావాలి? 2003లో వచ్చిన ఆ ఫోను ప్రపంచవ్యాప్తంగా పాతిక కోట్లకు పైగా అమ్ముడుపోయిందంటే ఆశ్చర్యమేముంది!

సెలవులు అయ్యాక అమ్మాయిని దింపడానికి నేనూ బాపట్ల వెళ్లాను. 1945 నాటి వ్యవసాయ కళాశాల అది. చెట్ల కింద నడుస్తూ, ‘మిరపాకు మీద తామర పురుగుల్ని ఫొటో తీయాలంటే మంచి కెమెరా ఉండాలి నాన్నా’ అంది. నాలుగడుగులు వేశాక తనే ఆగింది.

‘అబద్ధమెందుకులే. మా మేడమ్ పాత ఫోన్‌కే చిన్న భూతద్దం క్లిప్పు తగిలించి తీస్తారు. భలే వస్తాయి. మా గదిలో నలుగురం. ముగ్గురికి అదే ఫోన్. ఫొటో దిగాలంటే వాళ్ల ఫోన్లే తీస్తారు, నాది తీయనివ్వరు. అంతే నాన్నా.’

తిట్టాలో నవ్వాలో తెలియలేదు. తిట్టడానికి నాకు హక్కు లేదు. ఆ సంగతి చెప్పాలంటే ఇరవై ఒక్కేళ్లు వెనక్కి వెళ్లాలి.

2004 సంక్రాంతి. మాకు పెళ్లయి రెండేళ్లు. ఆఫీసులో నా పక్క సీటాయన నోకియా 6600 కొన్నాడు. రంగుల తెర, వెనక కెమెరా. బల్ల మీద పెడితే చాలు, అందరి చూపూ దాని మీదే. నా జేబులో ఉన్నదాన్ని బయటికి తీయడానికి నామోషీగా ఉండేది. ఆ ఫోను ఇరవై వేలకు పైమాటే. చిట్టీ పాడగా వచ్చింది చాలలేదు. మా ఆవిడ పుట్టింటి గాజులు రెండు, ఒక్కోటి ఒక్కో కాసు, ‘తాకట్టే కదా, ఉగాదికి విడిపిస్తా’ అని తీసుకెళ్లాను. ఉగాది వచ్చింది, వెళ్లింది. వడ్డీ పెరిగింది. చివరికి అమ్మేశాను. మళ్లీ చేయిస్తానన్నాను. ఆవిడ ఆ మాట ఎన్నడూ గుర్తు చేయలేదు. నేనూ గుర్తు చేసుకోలేదు.

ఆ రోజు బాపట్ల నుంచి తిరుగు బండిలో మనసులోనే లెక్క వేసుకున్నాను. రెండు కాసులంటే పదహారు గ్రాములు. 2025 ఏప్రిల్‌లోనే పది గ్రాముల మేలిమి బంగారం లక్ష దాటింది. ఇరవై రెండు క్యారెట్ల గాజులు కాబట్టి కొంత తగ్గించినా, లక్షన్నరకు దగ్గర. నేనేదో అమ్మాయికి బుద్ధి చెబుదామనుకున్నానే! ఈనాటి ప్రో మ్యాక్స్ ధరను నేను 2004లోనే పెట్టేశాను. పైగా నా డబ్బు కూడా కాదు.

ఇంటికొచ్చి బీరువా సొరుగు వెతికాను. అడుగున దొరికింది 6600. బ్యాటరీ ఉబ్బిపోయి ఉంది. రిపేరు కొట్టుకి తీసుకెళ్తే కుర్రాడు గోటితోనే వెనక మూత ఊడదీశాడు. ‘ఈ బ్యాటరీ ఇంకా దొరుకుతుందా?’ అన్నాను. ‘చిన్న స్పీకర్లలో ఇంకా ఇవే కదండీ’ అని ఓ కొత్తది వేశాడు. చిత్రమేమిటంటే మా మామగారి 1100లో ఉండేదీ ఇదే బ్యాటరీ. పేదదానికీ గొప్పదానికీ ఒకటే గుండెకాయ అన్నమాట! ఇప్పటి ఫోన్లలో బ్యాటరీని జిగురుతో అతికించేస్తున్నారు. ఎంత ఖరీదైన ఫోనైనా ఏడేళ్లు నడవాలంటే మధ్యలో ఒకసారైనా బ్యాటరీ మార్చాల్సిందే. కొనేముందు ఆ ఖర్చెంతో, మార్చేవాళ్లు మన ఊళ్లో ఉన్నారో లేదో కూడా అడిగి తెలుసుకోవాలి.

దీపావళికి అమ్మాయి వచ్చింది. ముగ్గురం కూర్చున్నప్పుడు గాజుల సంగతి నేనే చెప్పాను. మా ఆవిడ తలొంచుకుని వత్తులు చేసుకుంటోంది. అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘ముప్ఫై వేల దరిదాపుల్లో చూద్దాం నాన్నా. ఆరేళ్లు అప్‌డేట్లు ఇచ్చేవి ఆ ధరలోనూ ఉన్నాయి’ అంది.

‘నీకు నిజంగా అవసరమైతే పెద్దదే కొందాం’ అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. పెళ్లిళ్లకి వీడియోలు తీసి దాంతోనే సంపాదించుకునేవాళ్లు లక్ష పెట్టినా నాకు తప్పనిపించదు.

‘అవసరమైతే నేను సంపాదించి కొనుక్కుంటాలే’ అంది.

మర్నాడే కొన్నాం. వాయిదాల్లేవు, రొక్కం. ఐదేళ్లదాకా మార్చనని తనే కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అంటించింది. బాపట్లలో ఆ గదిలో ఇప్పుడు దాని ఫోన్‌తో ఫొటోలు దిగుతున్నారో లేదో నేనడగలేదు.

ఆ సాయంత్రం కొత్త ఫోను సంగతి మరిచిపోయి నా పాత 6600 పట్టుకుని కూర్చుంది. ‘అమ్మా, ఇందులో నేనున్నా!’ అని అరిచింది. 2005లో తీసిన ఫొటో. మూడు నెలల పిల్ల, తల్లి ఒడిలో. ఇప్పటి ఫోన్ల ముందు అదొక మసక మరక. మా ఆవిడ కళ్లజోడు పెట్టుకుని దగ్గరగా పట్టుకుని చూసింది. మొహం విప్పారింది.

‘పోన్లెండి, ఆ ఫోను బాగానే పనికొచ్చింది’ అంది.

ఆవిడ చూసింది పాప మొహం. నేను చూసింది పాపను పట్టుకున్న చేయి. మణికట్టు మీద రెండు మట్టిగాజులున్నాయి.